నడుమును లాగకండి, దాని పైనా కిందా వదులు చేయండి

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర కాసేపు నిలబడితే విశాఖ వాసుల నడుములు ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది. స్కూటరు స్టాండు వేయీ వేయకముందే ఒకాయన నడుము వంచి కాలి బొటనవేళ్లను అందుకోవాలని తంటాలు పడుతుంటాడు. పక్కనే ఇంకొకాయన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఒంటిని కవ్వంలా అటూ ఇటూ తిప్పుతుంటాడు. అడిగితే ‘నడుము పట్టేసిందండీ, కాస్త వదులవుతుందని’ అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ నిద్ర లేచిన అరగంటలో, బిగుసుకున్న నడుముతో చేయకూడనివి సరిగ్గా ఈ రెండే.

నడుము పట్టేసిందనే చాలామందిలో సాగదీయాల్సింది నడుమును కాదు. దానికి పైనున్న వీపు, కిందనున్న తుంటి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అవి కదలవు కాబట్టి వాటి వంతు కదలికను కూడా మధ్యలో ఉన్న నడుమే మోస్తుంది, మోసి మోసి నొప్పి పెడుతుంది. దాన్నే పట్టుకుని మరింత లాగితే కాసేపు హాయిగా ఉంటుంది, సాయంత్రానికి నొప్పి మళ్లీ వస్తుంది. వీపునూ తుంటినీ వదులు చేయాలి, నడుముకు నిలకడ నేర్పాలి. కింద చెప్పిన క్రమమంతా దీనికోసమే.

ఏది తిరుగుతుంది, ఏది తిరగదు

మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తం 24 పూసలు కదులుతాయి. వాటి కింద ఉన్న త్రికాస్థి (పిరుదుల మధ్య పైభాగంలోని ఎముక), అనుత్రికాస్థి (తోక ఎముక) పూసలు మనం పెద్దయ్యేసరికి అతుక్కుపోతాయి. నడుములోని ఐదు పూసలు ముందుకూ వెనక్కూ బాగా వంగుతాయి గానీ, పక్కకు తిరగడానికి వాటి కీళ్ల అమరిక ఒప్పుకోదు. ఐదూ కలిసినా ఒక వైపుకు తిరిగేది పది డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే. వీపులోని పూసలు ముప్పై డిగ్రీలకు పైగా తిరగగలవు. రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చుంటే ఆ వీపు బిగుసుకుపోతుంది. అప్పుడు వెనక సీటులోని సంచి అందుకోవాలన్నా, స్కూటరు మీద వెనక్కి తిరిగి చూడాలన్నా భారం నడుము మీదే పడుతుంది.

ఇక ఉదయం సంగతి. పూసల మధ్య ఉండే డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మన ఎత్తు రాత్రికన్నా ఒక సెంటీమీటరు పైనే ఎక్కువ ఉంటుంది. పెరిగిన ఎత్తులో దాదాపు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. నీటితో నిండి బిగువుగా ఉన్న డిస్కును అదే గంటలో వంచితే ఒత్తిడి ఎక్కువ పడుతుంది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్నవారు ఉదయం పూట ముందుకు వంగడం తగ్గించుకుంటే నొప్పి తగ్గిందని 1998లో అమెరికా పరిశోధకుడు స్నూక్ బృందం చేసిన అధ్యయనం చూపింది. మందూ మాకూ లేని ఇలాంటి ఉపాయానికి ప్రచారం చేసేవారు ఎవరూ ఉండరు కాబట్టి మనదాకా రాలేదు.

సోయాస్ అనే కండరం గురించి కూడా తెలుసుకోవాలి. అది నడుము పూసల పక్కల మొదలై, కటిని (తుంటి ఎముకల గూడును) దాటి, తొడ ఎముక లోపలి వైపున అతుక్కుంటుంది. గంటల తరబడి కుర్చీలో ఉంటే అది కురచగానే ఉండిపోతుంది. లేచి నిలబడగానే నడుమును ముందుకు లాగుతుంది. భోజనం చేసి లేచినప్పుడు కాసేపు వంగి నడవాల్సి రావడానికి చాలామందిలో ఇదీ ఒక కారణం.

కోర్ అంటే పొట్ట మీద కనిపించే పలకలు కావు. పైన ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరం, కింద కటి అడుగు కండరాలు, వెనక పూసపూసకూ అతుక్కున్న మల్టిఫిడస్, పొట్ట చుట్టూ అడ్డంగా ఉండే ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్, ఇవన్నీ కలిసి చేసే పనికే ఆ పేరు. ఆ పని ముఖ్యంగా నడుమును కదలకుండా పట్టి ఉంచడం. సిటప్స్ దానికి సరిగ్గా విరుద్ధమైన పని నేర్పుతాయి. దశాబ్దాల పాటు సిటప్స్‌తోనే దేహదారుఢ్య పరీక్ష పెట్టిన అమెరికా సైన్యం సైతం 2022లో తెచ్చిన కొత్త పరీక్షలో వాటి చోట ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచడం) పెట్టుకుంది.

వీరు ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాలి

మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, పాదం పైకి లేపలేకపోయినా అది వ్యాయామంతో తగ్గేది కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కింద పడిన తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో కలిసి వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చే నొప్పి, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే కూడా అంతే. ఎముకలు పలచబడ్డాయని తేలినవారు ముందుకు వంగే ఆసనాలు, మెలితిప్పే ఆసనాలు సొంతంగా చేయకూడదు. గర్భిణులు, వెన్ను శస్త్రచికిత్స అయినవారు తమ వైద్యులను అడిగాకే మొదలుపెట్టాలి.

మీలో బిగుసుకున్నది ఏది?

మూడు చిన్న పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటిది గోడ పరీక్ష. మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడండి. గడ్డం పైకి ఎత్తకుండా తల వెనక భాగం గోడకు తగలాలి. తగలకపోయినా, తగిలించాలంటే కళ్లు పైకప్పును చూడాల్సి వస్తున్నా, వీపు గూనిగా బిగుసుకుందని అర్థం. అదే భంగిమలో నడుముకూ గోడకూ మధ్య అరచేయి సరిపోయేంత సందు ఉండాలి. పిడికిలి దూరేంత సందుంటే తుంటి ముందు భాగం బిగుసుకుని నడుమును లాగుతోందేమో చూడాలి.

దానికి రెండో పరీక్ష. మంచం అంచున కూర్చుని వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీకి దగ్గరగా పట్టుకుని రెండో కాలిని మంచం కిందికి వేలాడదీయండి. ఆ తొడ పరుపుకు సమంగా ఆనకుండా గాలిలో ఆగిపోతే సోయాస్, దాని పక్క కండరాలు బిగుసుకున్నాయన్నమాట.

మూడోది వీపు తిరగడం గురించి. కుర్చీలో మోకాళ్ల మధ్య దిండు బిగించి పట్టుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఒక పక్కకు, ఆపై రెండో పక్కకు తిరగండి. రెండు వైపులా ఒకేలా ఉందా, ఒక వైపు గట్టిగా ఆగిపోతోందా గమనించండి. ఎడమ కుడుల మధ్య తేడా ఎక్కువగా ఉంటే గట్టిగా ఆగిపోయే వైపు కొంచెం ఎక్కువ పని చేయాలి.

ఎక్కడ, ఎప్పుడు

సముద్రం పక్కన ఊరు కాబట్టి ఇసుకలో చేయాలని అందరికీ ఉంటుంది. నడకకు ఇసుక మంచిదే గానీ ఈ వ్యాయామాలకు కాదు. చేతుల మీద బరువు పెడితే మణికట్టు ఇసుకలోకి దిగిపోయి వెనక్కి విరుగుతుంది. తడి ఇసుక నీటి వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక తుంటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉండిపోతుంది. కాలిబాట మీద చాప పరుచుకోండి, లేదా శివాజీ పార్కులోనో, ఎంవీపీ కాలనీ మేడ మీదో సమతలంగా ఉన్న చోటు చూసుకోండి. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జరిగిన అంతర్జాతీయ యోగా దినోత్సవం కోసం కొన్న చాప బీరువా పైకెక్కి ఉంటే దించుకోండి.

పొద్దున్నే చేసేవారు ముందు నడవాలి. కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా వెళ్లి వచ్చేసరికి ఒళ్లు వేడెక్కుతుంది, డిస్కుల బిగువూ కొంత తగ్గుతుంది. సాయంత్రం చేసేవారికి ఈ ఇబ్బంది లేదు. స్టీల్ ప్లాంటులోనో, ఓడరేవులోనో షిఫ్టుల్లో పనిచేసేవారికి ఉదయం అంటే నిద్ర లేచిన సమయమే. మధ్యాహ్నం రెండింటికి లేచినా అదే జాగ్రత్త. మే నెల ఉక్కపోతలో చెమటకు చేతులు చాప మీద జారతాయి, పక్కన తుండుగుడ్డ ఉంచుకోండి.

మొదటి మెట్టు: ఊపిరి

వెల్లకిలా పడుకుని పిక్కలను కుర్చీ మీద పెట్టండి. తుంటి దగ్గరా మోకాలి దగ్గరా కాలు లంబకోణంలో మడత పడాలి. ఒక చేయి ఛాతీ మీద, ఒకటి పొత్తికడుపు మీద ఉంచండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చండి. కింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, ఛాతీ మీది చేయి పెద్దగా కదలకూడదు. నోటితో ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. చివరి లెక్కల దగ్గర పొత్తికడుపు దానంతట అదే బిగుసుకుంటుంది. ఆ బిగువే మీరు కోర్ వ్యాయామాల్లో వాడబోయేది. ఎనిమిది పది ఊపిరులు చాలు. తీవ్రంగా నడుము పట్టేసిన రోజున మిగతావన్నీ మానేసి ఇదొక్కటే పది నిమిషాలు చేయండి.

రెండో మెట్టు: మార్జాలాసనం

అరచేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద ఉండేలా నాలుగు కాళ్ల మీద నిలబడండి. ఊపిరి వదులుతూ వీపు పైకి గుండ్రంగా, పీలుస్తూ కిందికి పల్లంగా. ఆరేడు సార్లు. కొసదాకా నెట్టవద్దు. ఇది సాగదీయడం కాదు, కీళ్లను మేల్కొలపడం మాత్రమే.

మూడో మెట్టు: వీపు విప్పడం

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. కూర్చుని పనిచేసేవారికి దీనితో వచ్చే మార్పు మిగతా వేటితోనూ రాదు.

స్నానానికి వాడే పెద్ద తువ్వాలును పొడవుగా రెండు మడతలు వేసి గట్టిగా చుట్టండి. చుట్ట మందం నాలుగు వేళ్లంత ఉండాలి. మోకాళ్లు మడిచి, చుట్టను వీపు కింద అడ్డంగా, రెక్క ఎముకల కింది అంచు దగ్గర పెట్టుకుని పడుకోండి. రెండు చేతులతో తల వెనక భాగాన్ని పట్టుకోండి. మోచేతులు పక్కలకు కాకుండా పైకప్పు వైపు చూడాలి. ఊపిరి వదులుతూ చుట్ట మీదుగా తలను నెమ్మదిగా వెనక్కి వాలనివ్వండి. ఇక్కడ దాదాపు అందరూ పక్కటెముకలు పైకి పొంగించి నడుమును విల్లులా వంచేస్తారు. అప్పుడు వీపు కదలదు, నడుమే మళ్లీ మోస్తుంది. పక్కటెముకల కింది అంచు పొట్ట వైపు దిగి ఉండాలి. అక్కడే మూడు నాలుగు ఊపిరులు. తర్వాత పిరుదులు కొంచెం లేపి చుట్టను ఒక అంగుళం తల వైపు జరుపుకుని మళ్లీ అదే. మూడు చోట్ల చేస్తే సరిపోతుంది. చుట్టను నడుము గుంట కింద మాత్రం పెట్టవద్దు.

ఆ తర్వాత పక్కకు తిరిగి పడుకోండి. మోకాళ్లు మడిచి వాటి మధ్య దిండు పెట్టండి. చేతులు ముందుకు చాపి, అరచేయి మీద అరచేయి వేయండి. పై చేతిని మెల్లగా ఎత్తి వెనక్కి తెరవండి, కళ్లు ఆ చేతినే వెంబడించాలి. మోకాళ్లు చాప వదలకూడదు. అవి లేస్తే తిరుగుతున్నది నడుము. చేయి నేలకు తగలాలన్న పంతం వద్దు. ప్రతి ఊపిరి వదిలినప్పుడు కాస్త దిగుతుంది. ఒక్కో వైపు ఆరు నుంచి ఎనిమిది సార్లు.

నాలుగో మెట్టు: తుంటి

దుప్పటి మడత మీద కుడి మోకాలు ఆనించి, ఎడమ పాదం ముందు పెట్టి నిలబడండి. ముందుకు వంగేముందు ఒక పని ఉంది. కుడి పిరుదును గట్టిగా బిగించి, కటి ముందు భాగాన్ని నాభి వైపు పైకి తిప్పండి. ఇంతవరకే చేసినా చాలామందికి తొడ పైభాగం ముందు లాగుతుంది. ఆ బిగువు వదలకుండా శరీరాన్ని రెండంగుళాలు మాత్రమే ముందుకు జరపండి. ముప్పై సెకన్లు, రెండు సార్లు, రెండు వైపులా. ఎంత ముందుకు వెళితే అంత మంచిదనుకుని అడుగు బారుగా వేసేవారికి సాగేది సోయాస్ కాదు, నడుము గుంట మాత్రమే లోతవుతుంది.

తొడ వెనక కండరాల కోసం గుమ్మం దగ్గర వెల్లకిలా పడుకుని ఒక కాలిని తలుపు చట్రానికి ఆనించి, రెండోదాన్ని గుమ్మంలోంచి బయటికి చాపండి. నిమిషం పాటు. పాదంలోకి జివ్వుమని పాకితే అది కండరం కాదు, నరం. కాలు దించేయండి.

ఐదో మెట్టు: నడుముకు నిలకడ

కెనడాకు చెందిన వెన్నెముక శాస్త్రవేత్త స్టువర్ట్ మెక్‌గిల్ ఎంచిన మూడు వ్యాయామాలు ఇక్కడ సరిపోతాయి. మూడింటిలోనూ బలం కన్నా ఓర్పు ముఖ్యం. ఒక్కోసారి పది సెకన్లు మాత్రమే ఆగాలి, కానీ పలుమార్లు చేయాలి. మొదటి విడత ఐదు, రెండో విడత మూడు, చివర ఒకటి. అలసట పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది కాబట్టి భంగిమ చెడదు.

1. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండోది చాపండి. రెండు అరచేతులూ నడుము గుంట కింద పెట్టండి. ఆ గుంట నలగకుండా తల, భుజాలు కలిపి నేల నుంచి అంగుళం లేపండి. గడ్డం ఛాతీకి తగలకూడదు. చూసేవారికి ఏమీ చేయనట్టే ఉంటుంది, పొట్టకు మాత్రం తెలుస్తుంది.

2. పక్కకు తిరిగి మోచేతి మీద, మోకాళ్ల మీద శరీరాన్ని లేపండి. మోచేయి సరిగ్గా భుజం కింద ఉండాలి. తుంటిని వెనక నుంచి ముందుకు తెస్తూ లేపితే తేలిక. కొన్ని వారాల తర్వాత మోకాళ్లకు బదులు పాదాల మీద.

3. నాలుగు కాళ్ల మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు చాపండి. కాలు వెనక్కి వెళ్లాలి గానీ పైకి కాదు. నడుము మీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టించుకుని చూడండి. అది పడిపోతే కాలు ఎత్తు తగ్గించండి. ఈ పరీక్ష పెట్టడానికి ఇంట్లో పిల్లలకన్నా మంచి న్యాయమూర్తులు దొరకరు.

ఆరో మెట్టు: బోర్లా పడుకోవడం

1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి, తల వైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకుండిపోయాడు. నడుము వెనక్కి వంగి ఉన్న ఆ భంగిమలో కాసేపు ఉన్నాక వారాల తరబడి వేధించిన కాలి నొప్పి తగ్గిందన్నాడు. మెకంజీ పద్ధతి అక్కడే మొదలైంది. మన భుజంగాసనానికి అది దగ్గరి చుట్టమే.

ముందు మకరాసనంలో (చేతుల మీద తల ఆనించి బోర్లా పడుకుని) ఒక నిమిషం, తర్వాత మోచేతుల మీద ఒక నిమిషం. అది హాయిగా ఉంటే అరచేతులతో ఛాతీని లేపండి, కటి మాత్రం చాపను వదలకూడదు. ఎనిమిది పది సార్లు లేచి దిగండి. ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. కాలిలో ఉన్న నొప్పి పిరుదుకు, పిరుదు నుంచి నడుముకు వెనక్కి జరిగితే మంచిది, నడుములో కొంచెం పెరిగినా సరే. నడుములోది కాలిలోకి దిగితే వెంటనే ఆపేయాలి. నడుస్తుంటే కాళ్లు లాగుతూ, కూర్చున్నా ముందుకు వంగినా ఉపశమనం పొందే పెద్దవారు ఈ మెట్టు వదిలేయాలి.

ఏడో మెట్టు: వంగడం నేర్చుకోవడం

చీపురు కర్రనో గొడుగునో వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, రెక్క ఎముకల మధ్య, త్రికాస్థి దగ్గర, మూడు చోట్లా అది తగులుతూ ఉండాలి. మోకాళ్లు కాస్త సడలించి, వెనకున్న తలుపును పిరుదులతో మూయబోతున్నట్టు వెనక్కి జరపండి. ఒంట్లో మడత తుంటి దగ్గర పడాలి. మూడింటిలో ఏ చోటు కర్రను వదిలినా అక్కడితో ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పది సార్లు.

గ్యాస్ సిలిండరు జరిపేటప్పుడు ఇదే పనికొస్తుంది. 14.2 కిలోల గ్యాసుకు ఇనుము బరువు కలిస్తే దాదాపు 30 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ల టిన్నును డిస్పెన్సరు మీదికి ఎత్తేటప్పుడూ అంతే. టిన్ను ముందు ఒంటికి ఆనాలి, ఆ తర్వాతే లేవాలి, తిప్పాల్సి వస్తే పాదాలు తిప్పాలి.

మిగతా ఇరవై మూడున్నర గంటలు

ఈ మెట్లన్నీ కలిపి అరగంట. తీరిక లేని రోజున మూడూ ఐదూ చేసి మిగతావి వదిలేయండి. వారానికి ఐదు రోజులు కుదిరితే నెల నెలన్నరలో గోడ పరీక్షలో తేడా కనిపించాలి. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం మీద ప్రేమ ఉన్నవారు దాన్ని సాయంత్రానికి మార్చుకోండి.

నిటారుగా కూర్చోమని పిల్లలను వేధించే పెద్దలకు ఒక మాట. రోజంతా ఉండదగ్గ ఒకే ఒక సరైన భంగిమ అంటూ లేదు. ఎంత మంచి భంగిమైనా గంటసేపు కదలకపోతే చెడ్డదే. గాజువాక నుంచి రుషికొండ ఐటీ కొండ దాకా బస్సులో కూర్చుని, అక్కడ మళ్లీ కుర్చీలో కూర్చునేవారు దిగాక పది నిమిషాలు నడిచి పనిలోకి వెళ్లడం మంచిది. అరగంటకోసారి ఫోను మోగించుకుని లేవండి. తలుపు చట్రం పట్టుకుని ఛాతీ ముందుకు జరిపి రెండు ఊపిరులు తీస్తే చాలు. తల బరువు అయిదు కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఫోను చూస్తూ దాన్ని ఒళ్లోకి వంచితే ఆ బరువును మెడ కండరాలు వేలాడదీసి మోయాలి, కాబట్టి ఫోనునే పైకి తెచ్చుకోండి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవారికి ఇదంతా ఇంకా అవసరం. 32 కిలోమీటర్లు ఒకే విడతలో నడిచే రోజున తుంటి ముందు భాగం బిగుసుకుని ఉంటే అడుగడుగూ నడుము నుంచే రావాలి. నెల ముందు నుంచే నాలుగో మెట్టు, ఐదో మెట్టు రోజూ చేయండి. దారిలో ఆగిన ప్రతిచోటా కూర్చోవడానికి ముందు నిలబడే పిరుదు బిగించి తుంటిని కాస్త ముందుకు తేవాలి. మర్నాడు పూర్తిగా మంచం మీద ఉండవద్దు. రెండు మూడు గంటలకోసారి పిక్కలు కుర్చీ మీద పెట్టి పది నిమిషాలు పడుకోండి, లేచాక వీధి చివరిదాకా నడిచి రండి. బొటనవేళ్లను అందుకునే పని మాత్రం ఆ వారం వద్దు.